ఒక్క వావ్ కోసం అరబ్బీ మానేస్తావా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎంఏ అరబిక్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇంటర్నల్స్‌లో మఫ్ఊల్ మఅహు ('వెంట' అనే అర్థమిచ్చే వావ్ తర్వాత వచ్చే పేరు) మీద ఇచ్చిన ప్రశ్నలో మార్కులన్నీ పోయాయి. వావ్ ('వ' అనే అక్షరం, మామూలుగా 'మరియు' అని అర్థం) తర్వాతి పేరు చివర జబర్ ('అ' గుర్తు) ఎప్పుడో పేష్ ('ఉ' గుర్తు) ఎప్పుడో అర్థం కావట్లేదు. ఇంట్లో మానేసి బీఈడీ చేయమంటున్నారు.

జవాబు: ముందు ఆ వావ్ సంగతి చూద్దాం తమ్ముడూ, బీఈడీ ఎక్కడికీ పోదు.

బడిలో 'చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి' అని వల్లించావు కదా. మనకి 'తో' తగిలిస్తే పనైపోతుంది. అరబ్బీలో 'మఅ' అనే మాట ఉన్నా, ఒక్కోసారి ఉత్త వావ్‌తోనే 'వెంట' అనే అర్థం తెస్తారు, అప్పుడు దాని తర్వాతి పేరుకి జబర్ వస్తుంది. 'సిర్తు వన్నీల' అంటే నైలు వెంబడి నడిచాను. నది కూడా నడిచిందా? లేదు (పారింది, అది వేరే కథ), పక్కన ఉందంతే, అందుకే జబర్. అదే 'ఇష్తరక జైదున్ వ అమ్రున్' అంటే జైద్, అమ్ర్ పాలు పంచుకున్నారు అని. పంచుకోవడం ఒక్కడివల్ల అయ్యేది కాదు, రెండోవాడూ కర్తే, కాబట్టి పేష్ తప్పదు.

అసలు తిరకాసు 'సాఫర్తు వ ఖాలిదన్' (ఖాలిద్ వెంట ప్రయాణం చేశాను) దగ్గర. ఖాలిద్ కూడా ప్రయాణం చేశాడుగా, మరి జబర్ ఎందుకు? 'నేను' అన్నది క్రియ చివర 'తు'గా అతుక్కుపోయింది, దానికి నేరుగా ఇంకో కర్తని కలపడం బలహీనమంటారు వ్యాకర్తలు. 'సాఫర్తు అన వ ఖాలిదున్' అని 'అన' (నేను) విడిగా చెప్పావా, పేష్ దర్జాగా వస్తుంది. నీ మార్కులు పోయింది ఇక్కడేనని నా అనుమానం. ఆ జబర్ ఇచ్చింది ఎవరని పాతకాలపు వ్యాకర్తల్లో రెండు వర్గాలైన బస్రా వాళ్లూ కూఫా వాళ్లూ కొట్టుకున్నదంతా పరీక్షకి నాలుగు లైన్లు చాలు.

ఇక ఉద్యోగం. హైదరాబాద్ ఆస్పత్రుల్లో అరబ్ పేషెంట్లకి దుబాసీగా చేయాలనుకుంటే జబర్, పేష్ ఎవరూ అడగరు, వాళ్ల మాటల్లో ఆ చివరి అచ్చులు ఎప్పుడో రాలిపోయాయి. ఇరాకీ పేషెంటు 'నాతో' అనడానికి 'వియ్యాయ' అంటాడు. ఆ మాటలో దాక్కున్నది నిన్ను ఏడిపించిన ఈ వావే! అక్కడ కావాల్సింది చెవి, మాండలికం, జబ్బుల పేర్లు. అదే లెక్చరర్ అవ్వాలన్నా, నెట్ అరబిక్ రాయాలన్నా, ఉస్మానియా క్యాంపస్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ లాంటి చోట, 1888 నుంచి పాత చేతిరాత ప్రతులు సరిచూసి అచ్చేస్తున్న సంస్థ అది, పనిచేయాలన్నా నహ్వ్ (అరబ్బీ వాక్య వ్యాకరణం) గట్టిగా రావాలి. ఆ ప్రతుల్లో చాలా వాటికి జబర్, పేష్ రాసి ఉండవు, చదివేవాడే తేల్చుకోవాలి.

ఈ రెండు దారుల్లో నీది ఏదో ఇంట్లో చెప్పు. 'అరబిక్ చదువుతున్నా' అని ఊరికే అంటే వాళ్లకి టెన్షన్ రాక ఏమవుతుంది? బీఈడీ కావాలంటే ఎంఏ అయ్యాక చెయ్యి, ఈ ఏడాది ఫీజు ఎలాగూ కట్టేశావు.