సస్పెన్షన్‌లో సగం జీతం, మీదపడ్డ ఈఎంఐ: బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మావారు సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగి, 2001లో చేరారు, బేసిక్ 60,000. బిల్లుల్లో తేడాలున్నాయని సస్పెండ్ చేసి నాలుగు నెలలైంది. రెండు లక్షలిస్తే ఫైల్ క్లోజ్ చేయిస్తానని ఒకాయన అంటున్నాడు. హోమ్ లోన్ ఈఎంఐ 28,000. బంగారం తాకట్టు పెట్టి ఇచ్చేయాలా, లేక రిజైన్ చేసి వేరే జాబ్ చూసుకోమనాలా?

జవాబు: మేడమ్, ఆ రెండు లక్షలు అస్సలు ఇవ్వకండి, అది లంచం, బయటపడితే ఉన్న కేసుకి ఇంకోటి తోడవుతుంది. రిజైన్ కూడా వద్దు, ఎంక్వైరీ పెండింగ్‌లో ఉండగా మామూలుగా ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఇన్నేళ్ల సర్వీసు, దాంతో పాత పెన్షన్ పోతాయి.

సస్పెన్షన్ శిక్ష కాదండి. ఎంక్వైరీ చేయకుండా, ఆయన మాట వినకుండా డిస్మిస్ చేయడానికి మామూలుగా రాజ్యాంగం 311 ఆర్టికల్ ఒప్పుకోదు. ఈలోపు ఇల్లు గడవడానికే సబ్సిస్టెన్స్ అలవెన్స్ ఇస్తారు. మొదటి మూడు నెలలు సగం బేసిక్ అంటే 30,000, దాని మీద డీఏ. ఆ తర్వాత ఆలస్యం ఆయన వల్ల కాకపోతే ఆ 30,000ని 45,000 దాకా పెంచొచ్చు, ఆయన వల్లే అయితే 15,000 దాకా తగ్గించొచ్చు కూడా, అందుకే ప్రతి హియరింగ్‌కీ వెళ్లాలి, లెటర్లకి టైమ్‌కి జవాబిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని దాచుకోవాలి. మీకు నాలుగు నెలలు దాటింది కాబట్టి పెంపు రాకపోతే ఈ వారమే రాతపూర్వకంగా అడగమనండి. వేరే ఉద్యోగం చేయట్లేదని సర్టిఫికెట్ ఇస్తేనే ఆ డబ్బు వస్తుంది, సో వేరే జాబ్ ఆలోచన పక్కన పెట్టేయండి.

ఈ డబ్బు ఆఫీసు వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. మధ్యప్రదేశ్‌లో ఒక ఉద్యోగి రీవాలో ఉంటే ఎంక్వైరీ దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో జగదల్‌పూర్‌లో పెట్టారు, అలవెన్స్ ఇవ్వలేదు, చేతిలో డబ్బుల్లేక ఆయన వెళ్లలేకపోయాడు, 1973లో సుప్రీంకోర్టు ఆ డిస్మిసల్‌నే కొట్టేసింది. న్యాయంగా విచారణ జరగాలంటే ముందు ఆ మనిషి అక్కడిదాకా వెళ్లగలగాలి కదా.

ఇంక ఈఎంఐ. సస్పెన్షన్‌లో జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్) కటింగ్ ఉండదు, కోఆపరేటివ్ సొసైటీ లాంటివి ఆయన రాసిస్తేనే కట్ చేస్తారు, కాబట్టి స్లిప్ చూసి అనవసరమైనవి ఆపించండి. ఒక్క ఈఎంఐ కూడా మిస్ అవ్వకముందే బ్యాంకుకి వెళ్లి టెన్యూర్ పెంచమని అడగండి. అప్పటికీ చాలకపోతే జీపీఎఫ్ అడ్వాన్స్, బంగారం ఆఖర్న. లాయర్‌కి కూడా ఇప్పుడే డబ్బు పోయకండి, డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీలో సర్వీసులో ఉన్న లేదా రిటైరైన ప్రభుత్వ ఉద్యోగిని తన తరఫున వాదించే డిఫెన్స్ అసిస్టెంట్‌గా పెట్టుకోవచ్చు, రూల్స్ బాగా తెలిసిన రిటైర్డ్ మనిషి దొరికితే అదే మేలు.

ఒక్కటి చూసి చెప్పండి, 90 రోజుల్లోపు రివ్యూ చేసి సస్పెన్షన్ పొడిగిస్తూ ఆర్డర్ ఇచ్చారా? ఇవ్వకపోతే మామూలుగా ఆ సస్పెన్షన్ చెల్లదు, ఆ పాయింట్ మీద వెంటనే రిప్రజెంటేషన్ (రాతపూర్వక విన్నపం) పెట్టించండి.