డాక్టర్లు వచ్చే ముందే పేర్లు రాసి పెట్టుకో బిడ్డా

బిడ్డా,

వచ్చే వారం మీ బడిలో పిల్లలకు హెల్త్ చెకప్ ఉందని, ఒక రోజు క్లాసులు పోతాయని మొన్న ఫోన్లో బాధపడ్డావు. పోనివ్వు. ముప్పై ఏళ్లు సర్కారు బళ్లలో పనిచేసి చెబుతున్నాను, ఏడాదిలో ఆ రోజంత ముఖ్యమైన రోజు ఇంకోటి లేదు.

ఈ చెకప్ జరిపేది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన సర్కారు పథకం. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి డాక్టర్ల టీం వస్తుంది. వాళ్లు ఎంత మంచివాళ్లయినా ఒక్కో పిల్లకు ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలే, నువ్వేమో రోజూ చూస్తావు. అందుకని ముందే హాజరు పట్టీ పెట్టుకుని ఒక్కో పేరు దగ్గర ఆగు. బోర్డు చూడటానికి కళ్లు చికిలించేది ఎవరు, నోరు తెరుచుకుని గాలి పీల్చేది ఎవరు, ఆటల్లో తొందరగా ఆయాసపడి కూర్చునేది ఎవరు, బలపాలు, మట్టి తినేది ఎవరు (అది చెడ్డ అలవాటని కొట్టకు, చాలాసార్లు రక్తం తక్కువైతేనే అలా తింటారు). రాసి డాక్టరు చేతిలో పెట్టు.

నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఎన్నిసార్లు పిలిచినా పలికేవాడు కాదు, మొండివాడని ఏడాదంతా తిట్టాను. వాడి చెవిలో ఎప్పటి నుంచో చీము కారుతోందట, సగం మాటలు వినపడేవే కావట. అది టీం వచ్చి చూస్తే గానీ నాకు తెలియలేదు. ఇప్పటికీ వాడి ముఖం గుర్తొస్తే కడుపులో దేవినట్లు ఉంటుంది.

కంటి పరీక్షకు ఆరు మీటర్లు టేపుతో కొలిచి గీత గీయి. వరసలో నిలబడ్డ పిల్లలు ముందువాళ్లు చదివేది విని అక్షరాలు బట్టీ పట్టేస్తారు, కాబట్టి మిగతావాళ్లను గది బయటే ఉంచు. కన్ను అరచేతితో మూయమను, వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. బరువు చూసి పైకి అరిచి చెప్పనివ్వకు, ముఖ్యంగా ఆరేడు తరగతుల ఆడపిల్లల ముందు. వాళ్లను ఆడ డాక్టరమ్మే వేరే గదిలో చూడాలని ముందే అడుగు.

నువ్వున్నది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, అక్కడి బోరు నీళ్లలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువ, కాబట్టి ఆ సంగతి మర్చిపోకు. పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలున్న పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. బొగ్గుతో ఎంత తోమినా అవి పోవు, తోమడం లేదని వాళ్లను అనకు. ఎముకల సంగతి తెలియడానికి మూడు పనులు చేయించు: మోకాళ్లు వంచకుండా కింద ఉన్న రూపాయి బిళ్ల తీయమను, గడ్డం ఛాతీకి ఆనించమను, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమను. ఏది కష్టమైనా రాసి పెట్టి డాక్టరుకు చూపించు. ఇంట్లో తాగేది బోరు నీళ్లా, మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లా అని కూడా అడుగు.

నులిపురుగుల మాత్రల సంగతి నీకు తెలిసిందే, ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఐరన్ మాత్ర మాత్రం మధ్యాహ్నం అన్నం తిన్నాకే ఎదురుగా మింగించు, పరగడుపున వేస్తే వాంతులై మర్నాటి నుంచి దాన్ని ముట్టరు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ తర్వాతే ఉంది. పెద్దాసుపత్రికి వెళ్లమని రాసిచ్చిన చీటీ సంచిలోనే నలిగి చినిగిపోతుంది. తల్లికి ఒక రోజు కూలి పోతుంది, నల్గొండలో ఏ గదికి వెళ్లాలో తెలియదు, పైగా పత్తి ఏరే రోజులు. అందుకే చీటీలన్నీ నీ నోటుబుక్కులో ఎక్కించుకో, నలుగురైదుగురు తల్లులను ఒకే రోజు ఒకే బస్సులో పంపు, కుదిరితే నువ్వో ఆశా కార్యకర్తో వెంట వెళ్లండి. వైద్యం ఉచితమని రెండుసార్లు చెప్పు, డబ్బు భయంతోనే చాలామంది ఆగిపోతారు. చెకప్ రోజు రాని పిల్లల పేర్లు కూడా రాసుకో, పనులకు పోయినవాళ్లకే ఎక్కువ అవసరం ఉంటుంది.

ఈ ఆదివారం పట్టీ ముందేసుకుని కూర్చో. ఎవరి దగ్గరైనా సందేహం వస్తే రాత్రి ఎంతసేపైనా ఫోన్ చెయ్యి, మేలుకొనే ఉంటాను.

మీ పెద్దమ్మ