కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేది ఏమిటి? మా అమ్మకు వచ్చిన పెంఫిగస్ అనే చర్మం జబ్బు చూశాక నాకు అర్థమైనది

మీరు అడిగింది: "చర్మంలో కణాలు గోడలో ఇటుకల్లా ఉంటాయని చదివాను. మరి వాటి మధ్య సిమెంటు ఏది? ప్రోటీన్లు పట్టి ఉంచుతాయంటే ఎలా?"

డిగ్రీలో నేనూ సిమెంటే ఊహించుకున్నాను. కానీ సిమెంటు మేస్త్రీ బయటి నుంచి తెచ్చి పూసేది. కణానికి అలా పూసేవాళ్లు లేరు. తన పట్టును తానే లోపల తయారు చేసుకుని, పైపొర గుండా బయటికి చాపుతుంది. పక్క కణం కూడా అలాంటి ప్రోటీన్‌నే ఇటు చాపుతుంది. రెండింటి కొసలు కలిసి పట్టుకుంటాయి. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఇద్దరూ పట్టుకుంటేనే తిరగగలం, ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు.

ఈ ప్రోటీన్లలో ముఖ్యమైన కుటుంబం క్యాడ్‌హెరిన్లు. జపాన్‌లోని క్యోటోలో మసతోషి తకెయిచి బృందం 1984లో ఆ పేరు పెట్టింది. క్యాల్షియం ఉంటేనే అతుక్కునేవి అని పేరులోనే ఉంది. బయటికి చాచిన భాగం ఐదు పూసలు గుచ్చినట్టు ఉంటుంది. పూసకూ పూసకూ మధ్య క్యాల్షియం కూర్చుంటేనే అది బిర్రుగా నిలబడుతుంది. క్యాల్షియం తీసేస్తే వేలాడిపోతుంది, పట్టు జారుతుంది.

దీన్ని నేను దాదాపు రోజూ చూస్తాను. షామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో సెల్ కల్చర్ పని నాది, అంటే కణాలను ఒంటి బయట పెంచడం. ఫ్లాస్కు అడుగున కణాలు చాప పరిచినట్టు పెరుగుతాయి. వాటిని వేరే ఫ్లాస్కులోకి మార్చాలంటే మీడియా (కణాలు పెరిగే పోషక ద్రావణం) తీసేసి, క్యాల్షియం లేని ఉప్పు ద్రావణంతో కడిగి, ట్రిప్సిన్, ఈడీటీఏ కలిపి పోస్తాం. ఈడీటీఏ క్యాల్షియాన్ని లాగేసుకుంటుంది, ట్రిప్సిన్ ప్రోటీన్లను కోస్తుంది. మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉంటే కొద్ది నిమిషాల్లో కణాల మధ్య సన్నటి మెరుపు గీతలు వస్తాయి, అవి సందులవుతాయి, ఒక్కో కణం అంచులు ముడుచుకుని గుండ్రంగా అయి తేలిపోతుంది. చేరిన కొత్తలో ఒకసారి సరిగా కడగకుండానే ట్రిప్సిన్ పోశాను. పది నిమిషాలైనా కణాలు కదల్లేదు. మిగిలిపోయిన మీడియాలోని సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) ట్రిప్సిన్‌ను ఆపేసింది. పైగా క్యాల్షియం ఉన్నంతసేపు క్యాడ్‌హెరిన్‌ను ట్రిప్సిన్ కూడా సులువుగా కోయలేదు. తకెయిచికి ఈ ప్రోటీన్ జాడ దొరికింది ఆ గుణం వల్లే.

ఇక ఇంటి సంగతి. నాలుగేళ్ల కిందట మా అమ్మకు నోరు పూసింది. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని మనిషి, "బిడ్డా, పెరుగన్నం గూడ మండుతుందే" అనేది. దగ్గర్లోని పళ్ల డాక్టర్ జెల్ ఇచ్చారు, బీ కాంప్లెక్స్ రాశారు. మూడు నెలలు అలాగే పోయాయి. తర్వాత వీపు మీద, ఛాతీ మీద బొబ్బలు లేచాయి. నీళ్లు నిండి వదులుగా ఉండేవి, చెయ్యి తగిలితే చిట్లేవి. బ్లౌజు తీస్తుంటే దాంతోపాటు చర్మం పొర వచ్చేసేది. అప్పుడు చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ బొబ్బ పక్కన బాగానే ఉన్న చర్మాన్ని బొటనవేలితో మెల్లగా నెట్టారు. పాల మీద మీగడలా జరిగింది. నాకు కాళ్లు వణికాయి.

బయాప్సీకి రెండు ముక్కలు తీశారు, ఒకటి మామూలు స్లైడుకు, ఇంకోటి ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కు, అంటే యాంటీబాడీలు ఎక్కడ అంటుకున్నాయో మెరిసే రంగుతో చూపే పరీక్షకు. పెంఫిగస్ వల్గారిస్ అని తేలింది. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే సొంత కణాల పట్టు మీద దాడి చేసే జబ్బు ఇది. నేను ల్యాబ్‌లో పనిచేస్తానని చెప్తే డాక్టరమ్మ ఫోటోలు చూపించారు. నల్లటి తెర మీద ఆకుపచ్చగా మెరిసే చేపల వల. ఒక్కో కన్నం ఒక్కో కణం, చుట్టూ ఉన్న దారమంతా అమ్మ సొంత యాంటీబాడీలు. అవి పట్టుకున్నది డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్‌ని. అదీ క్యాడ్‌హెరిన్ల కుటుంబమే. నేను ఫ్లాస్కులో చేసే పని అమ్మ ఒంట్లో జరుగుతోంది. ఆ ఫోటో ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

డెస్మోగ్లీన్ ఉండేది డెస్మోజోమ్‌లో. దాన్ని టిచ్ బటన్ అనుకోండి. చర్మం రోజంతా లాగుడు, రాపిడి తట్టుకోవాలి కాబట్టి అక్కడ ఇవి దట్టంగా ఉంటాయి. పక్క కణంతో కలిసే భాగం డెస్మోగ్లీన్, డెస్మోకోలిన్. కానీ బటన్ ఎంత మంచిదైనా గుడ్డకు కుట్టకపోతే ఊడి చేతికొస్తుంది. ఆ కుట్టు లోపల ఉంది: ప్లాకోగ్లోబిన్, డెస్మోప్లాకిన్ అనే ప్రోటీన్లు బటన్‌ను కెరాటిన్ తాళ్లకు కట్టేస్తాయి. ఆ తాళ్లు కణమంతా అల్లుకుని మిగతా బటన్లకూ ముడిపడి ఉంటాయి. అందుకే ఒకచోట లాగితే ఆ బరువు వరసగా ఎన్నో కణాలకు పంచుకుపోతుంది. మీరు అడిగిన "ఎలా"కి నా దృష్టిలో అసలు జవాబు ఇదే. బయటి పట్టు సగమే, మిగతా సగం లోపలి కట్టు. గుండె కండరంలో కూడా డెస్మోజోమ్‌లు ఉన్నాయి. గ్రీసులోని నాక్సోస్ దీవిలో మొదట గుర్తించిన ఒక వంశపారంపర్య జబ్బులో ప్లాకోగ్లోబిన్ లోపం వల్ల ఉన్నిలాంటి జుట్టు, మందమైన అరచేతులు, గుండె లయ తప్పడం, అన్నీ ఒకే మనిషిలో కనిపిస్తాయి.

ముందు నోరే ఎందుకు పూసింది? డెస్మోగ్లీన్‌లో రకాలున్నాయి. నోటి లోపలి పొర ముఖ్యంగా మూడో రకం మీద ఆధారపడుతుంది. చర్మంలో ఒకటో రకం కూడా గట్టిగా ఉంటుంది. మూడో రకం మీద మాత్రమే దాడి జరిగినంతకాలం చర్మాన్ని ఒకటో రకం కాపాడింది, నోటికి ఆ ఆసరా లేదు. ఒకటో రకం మీద కూడా యాంటీబాడీలు వచ్చాక వీపు మీద బొబ్బలు లేచాయి.

మామూలు స్లైడు ఇంకో సంగతి చెప్పింది. అన్నిటికన్నా అడుగు వరసలోని కణాలు పక్కవాటిని వదిలేశాయి గానీ, కింది పొరను వదల్లేదు. ఒక్కొక్కటీ విడివిడిగా, నిలువుగా నిలబడి ఉన్నాయి. ఎందుకంటే కింద పట్టుకునేది హెమీడెస్మోజోమ్. పేరు దగ్గరగా ఉన్నా అందులో ఉండేది ఇంటెగ్రిన్ లాంటి వేరే ప్రోటీన్లు, వాటి జోలికి అమ్మ యాంటీబాడీలు పోలేదు. పరీక్షల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు దుప్పటి పుండ్లకు అతుక్కుపోయేది. వార్డులో నర్సమ్మ చెప్తే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి అరిటాకులు తెచ్చి, కడిగి తుడిచి పక్క మీద పరిచాం. ఆకు అతుక్కోదు, చల్లగా ఉంటుంది. ముందు స్టెరాయిడ్లు, తర్వాత రిటుక్సిమాబ్ ఇచ్చారు. యాంటీబాడీలు తయారుచేసే దారిలో ఉన్న బీ కణాలను అది తగ్గిస్తుంది. అమెరికాలో ఈ జబ్బుకు దానికి 2018లో అనుమతి వచ్చింది. అంతకుముందు మన దగ్గర, ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా 1980ల్లో మొదలుపెట్టిన పల్స్ చికిత్స (పెద్ద మోతాదు స్టెరాయిడ్‌ను విడతలవారీగా ఇవ్వడం) ఎంతోమందిని నిలబెట్టింది.

క్యాల్షియం గురించి నేను చెప్పింది విని మా మేనత్త "అయితే రాగిజావ, పాలు బాగా తాగించు" అంది. రక్తంలో క్యాల్షియాన్ని శరీరం తనంతట తాను ఒక మోతాదులో ఉంచుకుంటుంది, అమ్మకు అది తక్కువ కాలేదు. డాక్టర్ రాసిన క్యాల్షియం మాత్రలు స్టెరాయిడ్ల వల్ల ఎముకలు పలచబడకుండా ఉండటానికి. ఇంకో మాట, ఇది అంటుజబ్బు కాదు. అమ్మకు వేరే కంచం పెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఆమెను బొబ్బల కన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు తక్కువ మోతాదు మాత్రతో ఉంది, పచ్చిపులుసు పోసుకుని తింటోంది. మీ ఇంట్లో ఎవరికైనా నోటి పూత నెల దాటినా మానకపోతే చర్మం డాక్టర్‌కు చూపించండి, బయాప్సీతోపాటు ఇమ్యునోఫ్లోరోసెన్స్ అవసరమా అని అడగండి. మేం అలా చేసి ఉంటే మాకు ఆ మూడు నెలలు కలిసి వచ్చేవి.