బర్త్‌డే గిఫ్ట్‌గా హెల్త్ చెకప్... రిపోర్టు చూశాక నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: గత నెలలో నాకు 45 నిండాయి. ప్రైవేటు ఉద్యోగం, పొద్దస్తమానం కుర్చీలోనే. పుట్టినరోజుకని పిల్లలు ఫుల్ బాడీ చెకప్ బుక్ చేశారు. ఆదివారం రాత్రి పార్టీలో బిర్యానీ, మందు అయ్యాయి. మంగళవారం పరగడుపున రక్తం ఇచ్చాను. షుగర్ 114, హెచ్‌బీఏ1సీ 6.1, ట్రైగ్లిజరైడ్లు 310, ఎల్‌డీఎల్ 138, హెచ్‌డీఎల్ 36, ఎస్‌జీపీటీ 58, విటమిన్ డి 16 వచ్చాయి. బీపీ 136/88. ఎత్తు 168 సెం.మీ., బరువు 79 కిలోలు. నాన్నగారికి షుగర్ ఉంది. నేను రోజుకు రెండు మూడు సిగరెట్లు కాలుస్తాను. ఈ మధ్య ఫోను దూరంగా పెట్టుకుని చదవాల్సి వస్తోంది. క్యాన్సర్ మార్కర్లు కూడా చేయించుకోమని ల్యాబ్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. నాకు షుగర్ వచ్చేసినట్టేనా? కేకు, బిర్యానీ మానేయాలా? ఫ్రెండ్స్ షటిల్‌కి రమ్మంటున్నారు, ఆడొచ్చా? నా భార్యకు (42) కూడా ఇదే ప్యాకేజీ చేయించాలా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఆలస్యంగానైనా పుట్టినరోజు శుభాకాంక్షలు. మీకు షుగర్ జబ్బు ఇంకా రాలేదు, దాని గుమ్మం దాకా వచ్చారు. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. 126, 6.5 లేదా అంతకు మించి ఉంటే జబ్బు కిందే లెక్క. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, మీలా ప్రీడయాబెటిస్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు.

రిపోర్టులో నల్లగా అచ్చయిన అంకెలన్నీ ఒకే బరువున్నవి కావు. రక్తంలోని ఒక రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 310 అంటే ఎక్కువే. కానీ మందు, బిర్యానీ అయిన రెండో రోజే రక్తం ఇచ్చారు కాబట్టి ఆ అంకెను నేను పూర్తిగా నమ్మను. రెండు వారాలు మందు ముట్టకుండా, మామూలు భోజనం చేస్తూ ఉండి, 12 గంటల పరగడుపుతో లిపిడ్ (కొవ్వుల) పరీక్ష మళ్లీ చేయించండి. హెచ్‌బీఏ1సీ మాత్రం ఒక్క రాత్రి విందుకు మారేది కాదు. అది దాదాపు మూడు నెలల షుగర్ సగటు కాబట్టి 6.1ని ఉన్నదున్నట్టే తీసుకోవాలి. కాలేయ పరీక్ష అయిన ఎస్‌జీపీటీ 58 రావడానికి ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు చేరడం) కారణం కావచ్చు. పొట్ట అల్ట్రాసౌండ్ ఒకసారి చేయించండి. విటమిన్ డి తక్కువగా ఉండటం నగరాల్లో సర్వసాధారణం. డాక్టరు రాసిన కోర్సు వాడి ఆపేయండి, 60,000 యూనిట్ల మాత్రల్ని ఏళ్ల తరబడి సొంతంగా మింగొద్దు. క్యాన్సర్ మార్కర్ల రక్తపరీక్షలు మీకు అక్కర్లేదు. ఏ లక్షణమూ లేనివాళ్లలో సీఈఏ, సీఏ 19-9 లాంటివి చేయిస్తే క్యాన్సర్ లేకపోయినా కాస్త పెరిగి కనిపించొచ్చు. ఆ తర్వాత స్కాన్లు, టెన్షన్, ఖర్చు.

ల్యాబ్‌లో హడావుడిగా ఒకసారి చూసిన బీపీని పట్టుకుని మాత్ర మొదలుపెట్టలేం. అలాగని వదిలేయలేం కూడా. మోచేతికి పైన కట్టే డిజిటల్ మిషన్‌తో వారం రోజులు ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక రెండేసి సార్లు చూసి రాసిపెట్టండి. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే ఫిజీషియన్‌ను కలవండి. చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌కు మాత్ర కావాలా వద్దా అన్నది కూడా బీపీ, సిగరెట్, కుటుంబ చరిత్ర అన్నీ కలిపి చూశాకే చెబుతారు.

ప్యాకేజీలో లేని పరీక్ష ఒకటుంది, దానికి టేపు చాలు. నడుము చుట్టుకొలత మన మగవాళ్లలో 90 సెం.మీ. లోపు ఉండాలి. పాంటు సైజు చూసి సర్దిచెప్పుకోకండి. చాలామంది పాంటును పొట్ట కిందకు కడతారు కాబట్టి ఆ సైజుకూ అసలు కొలతకూ పొంతన ఉండదు.

ఇక కేకు సంగతి. ఏడాదికోసారి మీ పుట్టినరోజున తినే ముక్కతో ఎవరికీ షుగర్ రాదు. కానీ ఆఫీసులో వారానికో బర్త్‌డే ఉంటుంది. కేకు, సమోసా, కూల్‌డ్రింకు, ఆ పైన ఇంటికెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకు రెండుసార్లు వడ్డించుకుని అన్నం. నా దగ్గరికొచ్చే మీ వయసువాళ్లలో ఎక్కువమందికి ఇబ్బంది ఇక్కడే కనబడుతుంది. అన్నం మానేయమనను, ఎందుకంటే అలా మానినవాళ్లు నెలలోపే మళ్లీ మొదలుపెడతారు. రెండోసారి వడ్డన మానండి. ఆ జాగాలో కూర, పప్పు, గుడ్డో చేపో పెంచండి. బిర్యానీ నెలకోసారి తినొచ్చు. కాలేయం కోలుకునేదాకా మందు జోలికి వెళ్లొద్దు. రాత్రి తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. మొత్తం మీద నాలుగైదు కిలోలు తగ్గండి చాలు. చెన్నై పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్న ప్రీడయాబెటిస్ వాళ్లలో షుగర్‌గా మారే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవాళ్లలో తగ్గింది 26 శాతం.

‘రెండు మూడే కదా’ అన్నట్టు రాశారు గానీ, సిగరెట్ల విషయంలో గుండె అలా లెక్క చూడదు. రోజుకు ఒక్కటి కాల్చినా, 20 కాల్చేవాళ్లకు అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. తగ్గించడం కాదు, పూర్తిగా ఆపాలి.

షటిల్ తప్పకుండా ఆడండి, కానీ రేపే కోర్టులోకి దూకొద్దు. ముందు డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించుకోండి. నెలన్నర చురుగ్గా నడవండి, వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామాలు చేయండి. నలభై దాటాక కండ తగ్గుతూ వస్తుంది, తిన్న షుగర్‌ను ఎక్కువగా వాడుకునేది ఆ కండే. ఆడేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, అనుకోని ఆయాసం వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఫోను దూరంగా పెట్టాల్సి రావడం చత్వారం. అది ఈ వయసులో మామూలే. అద్దాలు తీసుకునేటప్పుడు కంటి ఒత్తిడి, రెటీనా కూడా చూపించుకోండి.

మీ భార్యకు ఇదే ప్యాకేజీ వద్దు. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, వీటితోపాటు మీ ప్యాకేజీలో లేని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష, రొమ్ము పరీక్ష ఆవిడకు ముఖ్యం. 30 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్‌తోపాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ఉచితంగా చేస్తారు. నెలసరి ఎక్కువగా అవుతున్నా, మధ్యలో రక్తం కనిపిస్తున్నా ‘ఈ వయసులో మామూలే’ అని ఊరుకోకుండా గైనకాలజిస్టుకు చూపించండి.