చిత్తూరు నుంచి మాలేకు: టీచర్ ఉద్యోగానికి పోయేముందు తేల్చుకోవాల్సినవి

మాల్దీవుల రాజధాని మాలేలో లెక్కల టీచర్ ఆఫర్ వచ్చింది, భార్యను, రెండో తరగతి పాపను కూడా చిత్తూరు నుంచి తీసుకుపోవచ్చా అని అడిగారు. పోవచ్చు, కానీ మొదటి మూడు నాలుగు నెలలు మీరొక్కరే పోండి. జీతం, ఇల్లు, స్కూలు ఈ మూడూ కుదిరాకే వాళ్లను పిలిపించుకోండి.

ఆఫర్ లెటర్లో దీవి పేరు ఉందా చూడండి. నోటిమాటగా మాలే అంటారు, కాగితంలో మాల్దీవులు అని మాత్రమే ఉంటుంది. దిగాక ఏ దూరపు దీవి స్కూలుకో పంపితే కాదనడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. స్కూలు పేరు, దీవి పేరు రెండూ రాయించుకోండి. మనవాళ్లకు టూరిస్టుగా 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు కదా, ముందు వచ్చేయండి, పర్మిట్ తర్వాత చూద్దాం అనే ఏజెంటు ఉంటే అక్కడితో మాట ఆపేయండి. అలా పోయి పాఠాలు చెబితే దొరికేది మీరే, ఏజెంటు కాదు. వర్క్ పర్మిట్ అనుమతి మీ పేరున వచ్చాకే టికెట్ కొనాలి. మెడికల్ పరీక్ష అక్కడ దిగాక చేస్తారు.

డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు అసలైనవేనని ముద్ర వేయించుకునే అటెస్టేషన్‌కే ఎక్కువ రోజులు పడుతుంది, దాన్ని ముందు మొదలుపెట్టండి. పోలీస్ క్లియరెన్స్ తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అయిపోతుంది. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం. డబ్బడిగే సైటు కనిపిస్తే అది దొంగసైటు.

జీతం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అక్కడి డబ్బు రుఫియా, ప్రభుత్వ లెక్కన డాలరుకు 15.42 రుఫియా. ఆ ధరకు బ్యాంకులో డాలర్లు అడిగినన్ని దొరకవు, బయట కొంటే రేటు బాగా ఎక్కువ. జీతం రుఫియాల్లో అని రాసి ఉంటే ఇంటికి పంపేటప్పటికి అది చిక్కిపోతుంది. డాలర్లలో ఇస్తారా, లేదంటే నెలకు ఎంత బ్యాంకు ద్వారా పంపనిస్తారు అని రాతపూర్వకంగా అడగండి. మాలేలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖ ఉంది. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చుకునే పని పోయేముందే ముగించండి.

మాలే దీవి సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి అలిపిరికి నడిచే దూరంలో సగానికే ఊరైపోయి సముద్రం వచ్చేస్తుంది. అంతలోనే దేశరాజధాని ఇరుక్కుని ఉంది, అందుకే అద్దెలు మండిపోతాయి. రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు. స్కూలువాళ్లే గది ఇస్తామంటే ఎంతమంది ఉంటారో, కిటికీ ఉందో లేదో వీడియో తీసి పంపమనండి. గాలి రాని గదిలో ఏసీ ఆపలేరు, కరెంటు బిల్లు అద్దెతో పోటీపడుతుంది. కరెంటు, నీళ్లు అద్దెలో కలిసున్నాయా లేదా ఒప్పందంలో ఉండాలి. కుటుంబం వస్తే నా సలహా మాలే దగ్గర్లోని హుల్హుమాలే దీవి. 2018లో మాలేకు కలిపే వంతెన తెరిచాక బస్సులో పోయి రావడం సులువైంది, రోడ్లు వెడల్పు, పిల్లలకు ఆడుకునే చోటుంది. మాలేలో ఇళ్లకు పేర్లే గుర్తు, ముందున్న అక్షరం పేట గుర్తు: హెచ్ అంటే హెన్వేరు, జీ అంటే గలోల్హు. పోవాల్సిన ఇంటికున్న పేరు తెలియకుండా టాక్సీ ఎక్కితే తిప్పలే.

మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు ముఖ్యమైనది: పూజకు పెట్టే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకుపోవడం నిషేధం. ఎంత చిన్నదైనా వెంకన్న విగ్రహం పెట్టెలో పెట్టొద్దు. మద్యం, పంది మాంసం కూడా అంతే. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు వాడేవాళ్లు డాక్టర్ చీటీ లేకుండా పోవద్దు.

శాకాహారులైతే జాగ్రత్త. టీ కొట్లో సమోసాలాగా కనిపించేదాంట్లో చాలావరకు ట్యూనా చేపే ఉంటుంది. ‘మస్’ అంటే చేప, అది ఉందా అని అడిగి తినండి. కరివేపాకు, మునగాకు అక్కడివాళ్లూ వాడతారు కాబట్టి దొరుకుతాయి. రాగిపిండి, చింతపండు, గుంటూరు కారం మాత్రం ఇక్కడి నుంచే కట్టుకోండి. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం స్కూలు ఉంటుంది. నమాజు వేళ కొట్లు కాసేపు మూస్తారు.

పాప చదువు సంగతి: అక్కడ ఎక్కువగా కేంబ్రిడ్జ్ దారిలో పోయే సిలబస్, సీబీఎస్‌ఈ కాదు. రెండు మూడేళ్లకే తిరిగి వచ్చే ఆలోచన ఉంటే తెలుగు, హిందీ ఇంట్లో చెప్పుకోవాల్సిందే. సీటు ఖాయమయ్యాకే ఇక్కడ టీసీ తీసుకోండి. మిక్సీ తీసుకుపోతే చదరపు మూడు పిన్నుల ప్లగ్గు వేయించండి, మన గుండ్రటి పిన్ను చాలా చోట్ల దూరదు.