నీళ్ల మాత్ర మొదలుపెట్టిన శ్రీనుకు

చిరంజీవి శ్రీనుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

బీపీకి డాక్టరుగారు నీళ్ల మాత్ర రాశారని మీ అమ్మ చెప్పింది. మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తాలేమోనని టెన్షన్ పడుతున్నావట. ఏళ్ల తరబడి వేసుకుంటున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఆ బెడద మొదటి రోజుల్లోనే ఎక్కువ, తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. పొద్దున్నే వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. రెండు పూటలూ రాసి ఉంటే రెండోది సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే వేసేసుకో. మర్చిపోయిన సంగతి రాత్రి గుర్తొస్తే ఆ రోజుకి వదిలెయ్. మర్నాడు రెండు కలిపి మింగకు.

అసలు భయపడాల్సింది కంటికి కనిపించని దానికి. ఈ మాత్ర కిడ్నీల ద్వారా ఒంట్లోని ఉప్పును బయటికి పంపుతుంది, దాని వెంట నీరు పోతుంది. సోడియం, పొటాషియం కూడా అవసరానికి మించి పోవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల లోపు మరోసారి ఆ రెండింటికీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కీ రక్తపరీక్ష చేయిస్తారు. డోసు మార్చినా అంతే. డాక్టరు చెప్పడం మర్చిపోతే నువ్వే అడుగు, మొహమాటపడకు. పిక్కలు పట్టేయడం, విపరీతమైన నీరసం, గుండె దడ వస్తే పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగొద్దు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సోడియం పడిపోయినా అలా జరగొచ్చు. వయసు మళ్లినవాళ్లకి ఆ ముప్పు మరీ ఎక్కువ.

నీ మాత్ర పేరేమిటో చీటీలో చూడు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్, ఫ్యూరోసెమైడ్ లాంటివి పొటాషియాన్ని తగ్గిస్తాయి. స్పైరోనోలాక్టోన్ దానికి తలకిందులు, పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడుతుంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందులు కూడా దాన్ని పెంచగలవు. కాబట్టి ఎవరో చెప్పారని రోజూ అరటిపండ్లు ఎక్కువగా తినడం, పొటాషియం మందులు కొనుక్కోవడం చేయకు. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, దాన్ని కూడా అడగకుండా వాడకు. మామూలు ఉప్పునే తగ్గించు, రోజుకి అన్నీ కలిపి 5 గ్రాముల లోపు. ఉప్పు తగ్గించకుండా ఈ మాత్ర మింగడం నాకైతే దండగనిపిస్తుంది. ఇంకో సంగతి, ఈ మందు వేరే బీపీ మందుతో కలిపి ఒకే బిళ్లగా కూడా వస్తుంది. చీటీ చదవకపోతే అదే మందు రెండుసార్లు పడుతుంది.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని నీళ్లు తగ్గించేవాళ్లుంటారు. గుండెకో కిడ్నీకో జబ్బుండి డాక్టరు లెక్క చెబితే తప్ప ఆ పని వద్దు.

నేను మరీ గట్టిగా చెప్పేది వాంతులు, విరేచనాలు, బాగా జ్వరం వచ్చిన రోజుల గురించి. ఒక పక్క జబ్బుతో నీరు పోతుంటే మరో పక్క మాత్ర కూడా లాగేస్తుంది. కిడ్నీలు దెబ్బతినేది అలాంటప్పుడే. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి, మాత్ర ఆపాలా, ఆపితే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడుగు. అసలు జబ్బు పడకముందే ఈ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాసిపెట్టుకో. ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ సొంతంగా వేసుకోవద్దు. అవి బీపీని పెంచుతాయి. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మందు, నీళ్ల మాత్ర, ఈ నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీలకి చాలా చేటు. మానసిక జబ్బుకి ఇచ్చే లిథియం వాడేవాళ్లయితే ముందే డాక్టరుకి చెప్పి తీరాలి, ఒంట్లో దాని మోతాదు పెరిగిపోతుంది.

మంచం మీంచి ఒక్కసారిగా లేవకు, కాసేపు కూర్చుని లే. కళ్లు తిరుగుతుంటే కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ చూసి రెండూ రాసి చూపించు. కాలి బొటనవేలు వాచి మండుతుంటే ఈ మాత్రతో రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగిందేమో చూడమని అడుగు. షుగర్ ఉన్నవాళ్లకి ఈ మాత్రతో షుగర్ కాస్త పెరగొచ్చు.

కొన్ని వారాలకి బీపీ అదుపులోకి వస్తుంది. రాగానే మానేద్దామనిపిస్తుంది, మానకు. అది మాత్ర వల్ల వచ్చిన అంకె. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరుతో మాట్లాడాకే. పరీక్ష తేదీ ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ