సిటిజన్‌షిప్ వచ్చేసింది కదా, ఇప్పుడు క్లియరెన్స్ సంగతి

అమ్ములూ,

నీ అమెరికా సిటిజన్‌షిప్ ఓత్ సెర్మనీ అయిపోయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం. సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే గవర్నమెంట్ రహస్య సమాచారం చూడ్డానికి ఇచ్చే అనుమతి, అది అడిగే జాబ్స్‌కి వెళ్ళనా మామయ్యా అని అడిగావు కదా, వెళ్ళు, కానీ దాని కథేంటో తెలుసుకుని వెళ్ళు.

ఇది మనంతట మనం అప్లై చేసి తెచ్చుకునేది కాదు. కంపెనీ గానీ గవర్నమెంట్ ఏజెన్సీ గానీ స్పాన్సర్ చెయ్యాలి, మనం పైసా కట్టక్కర్లేదు, ఎవడైనా డబ్బులిస్తే క్లియరెన్స్ ఇప్పిస్తా అన్నాడంటే మోసమే. సీక్రెట్, టాప్ సీక్రెట్ అని క్లియరెన్స్ లెవెల్స్ పేర్లు వింటుంటావు, కొన్ని జాబ్స్‌లో పబ్లిక్ ట్రస్ట్ అని రాస్తారు, అది బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రమే, క్లియరెన్స్ కాదు.

దీనికి అంత గిరాకీ ఎందుకంటే, గవర్నమెంట్ కాంట్రాక్ట్ గెలిచిన కంపెనీకి మనిషి వెంటనే కావాలి, కొత్తవాళ్ళకి ఇన్వెస్టిగేషన్ అంటే నెలలు పడుతుంది, అందుకని ఆల్రెడీ క్లియరెన్స్ ఉన్నవాళ్ళ కోసం వెతుక్కుంటారు. ఆ పని ఆఫ్‌షోర్‌కి పోదు కూడా. నార్తర్న్ వర్జీనియా, మేరీలాండ్‌లో ఫోర్ట్ మీడ్ చుట్టుపక్కల, అలబామాలో హంట్స్‌విల్, ఇక్కడంతా ఇదే మార్కెట్. జాబ్ మానేసినా మామూలుగా రెండేళ్ళలోపు ఇంకో స్పాన్సర్ దొరికితే మళ్ళీ మొదట్నుంచి ఇన్వెస్టిగేషన్ లేకుండానే క్లియరెన్స్ తిరిగి యాక్టివ్ అవ్వచ్చు, అది దాటితే కష్టం.

అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఎస్‌ఎఫ్-86 గురించి, అంటే క్లియరెన్స్ కోసం నీ వివరాలన్నీ రాసిచ్చే ఫామ్. పదేళ్ళ అడ్రస్‌లు, జాబ్స్, ఒక్క నెల కూడా గ్యాప్ లేకుండా రాయాలి, గత మూడేళ్ళ అడ్రస్‌లకైతే నువ్వక్కడ ఉన్నావని చెప్పగలిగే మనిషి పేరు, ఫోన్ నంబర్ కూడా ఇవ్వాలి. ఇండియాలో ఉన్న అమ్మానాన్న, తమ్ముడు, నీ పేరున ఉన్న ఫ్లాట్ గానీ స్థలం గానీ, ఎన్ఆర్ఈ అకౌంట్, ఇంటికి పంపిన డబ్బులు, అన్నీ అడుగుతారు. ఇవన్నీ రాస్తే రాదేమో అని మనవాళ్ళు భయపడి దాచేస్తారు, అదే కొంప ముంచుతుంది. ఇండియాలో అమ్మానాన్న ఉన్నారని రిజెక్ట్ చెయ్యరు, అన్నీ కలిపి చూసే నిర్ణయిస్తారు, కానీ దాచావని తెలిస్తే నీ మాట ఇక నమ్మరు, పైగా ఆ ఫామ్‌లో తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ క్రైమ్, 5 ఏళ్ళ దాకా జైలు.

ఇంకోటి, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది కానీ చెప్పాలి. కన్సల్టెన్సీలు రెజ్యూమేలో పెట్టే ఫేక్ ఎక్స్‌పీరియన్స్. నీకు అలాంటిదేమీ లేదని నాకు తెలుసు, అయినా పాత రెజ్యూమే తీసి ప్రతి లైనూ మళ్ళీ చూసుకో, ఎందుకంటే టాప్ సీక్రెట్ అయితే ఇన్వెస్టిగేటర్ నీతో కూర్చుని మాట్లాడతాడు, పాత మేనేజర్లనీ పక్కింటివాళ్ళనీ కూడా అడుగుతాడు. క్రెడిట్ కార్డ్ బాకీలు ఉంటే ఇప్పుడే తీర్చెయ్యి. మరిజువానా మీ స్టేట్‌లో లీగల్ అయినా ఫెడరల్ రూల్ ప్రకారం కాదు, ఫ్రెండ్స్ ఎంత పిలిచినా దాని జోలికి పోకు.

క్లియరెన్స్ వచ్చాక కూడా లైఫ్ కొంచెం మారుతుంది. చాలా చోట్ల ఫోన్, స్మార్ట్ వాచ్ బయట లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్ళాలి, క్లాసిఫైడ్ పని ఇంటి నుంచి చెయ్యడం కుదరదు, ఇండియా ట్రిప్ కూడా ముందే రిపోర్ట్ చెయ్యాలి. అక్కడ టెక్నాలజీ ఒక్కోసారి బాగా పాతది ఉంటుంది, క్లియరెన్స్ ఉంది కదా అని స్కిల్స్ వదిలేసి కూర్చున్నవాళ్ళు కాంట్రాక్ట్ పోయాక ఎంత ఇబ్బంది పడ్డారో కళ్ళారా చూశా, అందుకని క్లౌడ్, సెక్యూరిటీ చదువుతూనే ఉండు. సెక్యూరిటీ ప్లస్ అనే సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ ముందు రాసెయ్యి, డిఫెన్స్ పనుల్లో చాలా పోస్టులకి అడుగుతారు.

ఈ వీకెండ్ పాత లీజులు, పేస్లిప్పులు, పాస్‌పోర్ట్ స్టాంపులు అన్నీ ముందేసుకుని ఒక ఎక్సెల్ షీట్ చెయ్యి. ఇండియాలో మీ ఊళ్ళో ఉన్న ఇంటి కాగితాల్లో నీ పేరుందో లేదో నాన్నని అడిగి కనుక్కో, తర్వాత రెజ్యూమే నాకు పంపు, చూసి చెప్తా.

మీ మామయ్య